అచ్చులో లేని లేఖరి

ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదే నేను ఒక మనిషిని పదకొండు వారాలపాటు, వారానికి ఒకసారి చొప్పున చంపాను. పోలీసులు రాలేదు. పైగా "చెయ్యి తిరుగుతోందయ్యా" అని మా ఎడిటరుగారు మెచ్చుకున్నారు. ఎర్ర పెన్సిలుతో చేసే హత్యలకు మా వృత్తిలో దిద్దుబాటు అని పేరు.

ఇప్పుడు డెస్కుల్లో పనిచేస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తారు. మీరు రాసిన పెద్ద వార్త ఏదండీ అని అడుగుతారు. నేను పెద్ద వార్తలేవీ రాయలేదు. ఒకరు రాసినదాన్ని కొట్టేస్తూ ఉద్యోగమంతా గడిపాను. కొట్టేసినవాటిలో చాలావరకు కొట్టేయదగ్గవే, వాటి గురించి నాకు దిగులు లేదు. ఈ ఒక్కదాని గురించి మాత్రం చెప్పాలి.

ఎనభైల నడుమ మాట. బొంబాయిలో, కామాటిపుర గల్లీల్లో ఒకదానిలో, చాల్ అనే పాత వరసగదుల మేడ కింది అంతస్తులో మా వారపత్రిక ఉండేది. ముందు గదిలో ఎడిటరుగారి బల్ల, నా బల్ల. వెనక గదిలో సీసపు అక్షరాల కేసులు, కాలితో తొక్కే అచ్చుయంత్రం. పత్రిక ఎనిమిది పేజీలు. మా దగ్గరున్న తెలుగు అక్షరాలు రెండు పేజీలకే సరిపోయేవి. రెండు పేజీలు కూర్చి, అచ్చువేసి, ఆ అక్షరాలనే విడదీసి గళ్లలో సర్దుకుని తర్వాతి రెండు పేజీలు కూర్చాలి. అందుకని దేనికి ఎంత జాగా అన్నది ముందే ఖాయం. సీరియల్‌కు కాలమున్నర. ఒక్క లైను మీరినా అక్షరాలు కూర్చే మా కంపోజిటర్ తాత కేసు మీద అరచేత్తో కొట్టేవాడు.

కామాటిపుర, వర్లి, ధారావి, మనవాళ్లుండే చాళ్లన్నిటికీ శనివారం పత్రిక వెళ్లేది. పిల్లలంతా మరాఠీ బళ్లలో చదివేవాళ్లు. తెలుగు చదవగలిగినవాళ్లు అంతస్తుకు ఒకరో ఇద్దరో ఉండేవారు. ఈ సంగతి నాకు తెలుసు. దాని అర్థమే తెలియదు.

నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాణ్ణి. ప్రెస్సు పైన అటకలాంటి గదిలో పడక. వీధి మూల మెస్సులో భోజనం. ఆ మెస్సులో గోడవైపు తిరిగి కూర్చునే సన్నపాటి బల్ల ఒకటుండేది, ఒంటరిగా వచ్చేవాళ్ల కోసం. ఏడాది తిరిగేసరికి ఆ గోడ మీది పెచ్చులన్నీ నాకు కంఠతా వచ్చాయి. ఆదివారం మెస్సుకు సెలవు. ఆ రోజు ఆ గోడ కూడా ఉండేది కాదు.

సీరియల్ రాసే ఆయన బుధవారం బుధవారం వర్లి నుంచి నడిచి వచ్చేవాడు. యాభై దాటిన మనిషి. ఒక మిల్లులో మగ్గాల ఖాతాలో పనిచేశాడు. ఎడమచేతికి చివరి రెండు వేళ్లు లేవు, మగ్గం తీసుకుంది. మిల్లులన్నీ ఆగిపోయిన పెద్ద సమ్మె తర్వాత ఆయన మిల్లు తలుపులు మళ్లీ తెరుచుకోలేదు. పొద్దుతిరుగుడు పువ్వు లాంటి ఏదో కలం పేరుతో జానపద నవల రాసేవాడు. ఒక మాంత్రికుడి శాపంతో ఊరు ఊరంతా రాళ్లయిపోతుంది. శాపం విరిచే ఉపాయం వెతుక్కుంటూ ఒక రాకుమారుడు బయల్దేరతాడు. గుర్రం, మర్రిచెట్టంత రాక్షసుడు, మాట్లాడే గుడ్లగూబ, అన్నీ ఉండేవి. కొట్టివేతలు లేని గుండ్రటి రాత. నాకు పని తక్కువ.

నవల పదో వారం ప్రతిలో కొత్త మనిషి కనిపించాడు. "కోట గుమ్మం దగ్గర ఒక లేఖరి కూర్చుని ఉన్నాడు. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. రాకుమారా, నీ కథ రాస్తున్నది నేనే అన్నాడు. రొట్టె మూట విప్పి, తిన్నావా అని అడిగాడు. వేళ లేదు అని రాకుమారుడు గుర్రాన్ని అదిలించాడు."

నాకు నవ్వొచ్చింది. తర్వాత చిరాకొచ్చింది. అప్పటికి నేను నాలుగు విమర్శ వ్యాసాలు చదివి ఉన్నాను. రచయిత తెర వెనక ఉండాలి, కథలోకి తల దూర్చకూడదు అనేది నాకు వేదం. ఎర్ర పెన్సిలు తీసి లేఖరి చుట్టూ గీత గీసి, అడ్డంగా కొట్టేశాను. కాలమున్నరకు సరిగ్గా వచ్చింది కూడా.

ఆ తర్వాతి కాలంలో తమ కథల్లోకి తామే నడిచొచ్చే రచయితలను చాలామందిని చూశాను. జానపదాలు రాసేవాళ్లకు ఈ జబ్బు మరీ ఎక్కువ. ఒకాయన తనను తాను త్రికాలజ్ఞాని అయిన మునిగా పెట్టుకున్నాడు. రాజులు వచ్చి ఆయన కాళ్లు పట్టుకునేవారు. ఇంకొకాయన, ఒక గుమాస్తా, కథలో ఏడడుగుల వీరుడు. తన పై ఆఫీసరు మీసకట్టు ఉన్న మాంత్రికుణ్ణి ప్రతి వారం నరికేవాడు. గుర్తుపట్టడం తేలిక. రచయిత నోరు తెరవగానే కథలో అందరూ చేతులు కట్టుకుని వింటుంటే అది ఆయనే.

వర్లి ఆయన లేఖరి మాట ఎవరూ వినేవారు కాదు. వాడికి కత్తి లేదు, మంత్రం రాదు. వారం వారం ఏదో ఒక దారి మలుపులో మూట విప్పుకుని కూర్చుని, తిన్నావా అని అడిగేవాడు. వేళ లేదని రాకుమారుడు వెళ్లిపోయేవాడు. తేడా అప్పుడే నాకు తెలియాల్సింది. వాడెందుకు వచ్చాడా అని కాకుండా ఎన్ని లైన్లు తిన్నాడా అని చూశాను.

మరుసటి బుధవారం ఆయన పోట్లాటకు వస్తాడనుకుని సిద్ధంగా కూర్చున్నాను.

"సార్, లేఖరి ముచ్చట రాలే."

"జాగా లేదండీ."

"మంచిది సార్," అని కొత్త కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అందులోనూ లేఖరి ఉన్నాడు. కొట్టేశాను. ఆ పై వారమూ వచ్చాడు. ఆయన రాయడం మానలేదు, నేను కొట్టడం మానలేదు. ఇద్దరిలో ఎవరమూ గొంతు పెంచలేదు.

గొంతు పెంచినవాడు కంపోజిటర్ తాత ఒక్కడే. కామాటిపురలోనే పుట్టిన మనిషి. ఆయన తాత ఈ చాళ్లకు రాళ్లు మోశాడట.

"ఏం తమ్మీ, ఈ వారం గూడ లేఖరిని కోసినవా? కశాలా, ఎందుకు కోస్తవ్? వాడు నీకేం జేసిండు?"

"కథకు అడ్డం తాతా."

"రొట్టె తినుమంటే అడ్డమైతదా? నువ్వు పేపర్ల ఉండాల్సినోనివి గాదు. బక్రా బజార్ల, మేకలు కోసేకాడ ఉండాల్సినోనివి."

లేఖరి వచ్చిన పదకొండో వారం ఆయన కాగితాలు పెట్టి నిలబడిపోయాడు. "ఇగ రెండు వారాలు సార్. కథ అయిపోతది."

ఎలా అయిపోతుంది అని అడిగాను. చెప్పాడు. మాంత్రికుడి శాపానికి ఒకే విరుగుడు. ఎవరూ పిలిచి అన్నం పెట్టని మనిషి ఒకడు తనంతట తాను రాయి కావాలి. అప్పుడు ఊరు లేస్తుంది. రాకుమారుడు అలాంటి మనిషి కోసం ఏడు లోకాలు తిరిగి, ఉత్త చేతులతో వెనక్కి వస్తాడు. లేఖరి కోట గుమ్మం దగ్గర కూర్చుని రాయైపోతాడు. ఊరు లేస్తుంది.

 కథ మొత్తం ఆ మనిషి మీద నిలబడింది. ఆ మనిషి అచ్చులో ఒక్క అక్షరం కూడా లేడు. ఒప్పుకోవడం మాని, ఉద్యోగస్తులందరూ చేసే పని చేశాను. తప్పు ఆయన మీదికి నెట్టాను.

"అలా కుదరదండీ. లేఖరి ఎవరో పాఠకులకు తెలియదు. ముగింపు మార్చండి."

"మా చాల్ల అందరికి తెలుసు సార్."

"ఎలా తెలుసు?"

ఆయన గొడుగు తీసుకున్నాడు. ఊరికే మాట కలపడానికి, కథ అయ్యాక ఏం రాస్తారు అన్నాను.

"కథ అయినంక నాకీడ ఏం పని సార్? కిరాయి ఖోలీ ఖాళీ జేస్తనని చెప్పిన. ఎటన్న పోత."

"ఎక్కడికి?"

"ఎటన్న," అన్నాడు, ముగింపు చెప్పిన గొంతుతోనే.

ఆ మాట నన్ను వదల్లేదు. మూడు రోజులు బల్ల దగ్గర కూర్చుంటే ఎర్ర గీతల కింద ఆ లేఖరే కనిపించాడు. ఆదివారం పొద్దున బస్సెక్కి వర్లి వెళ్లాను. ముగింపు మార్పించడానికి వెళ్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

చాల్ మూడో అంతస్తు. పొడుగాటి గ్యాలరీ, ఒకవైపు వరసగా ఖోలీల తలుపులు, ఇంకోవైపు ఆరేసిన బట్టలు. గ్యాలరీ మధ్యలో పాతికమంది దాకా కూర్చుని ఉన్నారు. ఆడవాళ్లు చేటల్లో బియ్యం ఏరుతున్నారు. ఒక టాక్సీ డ్రైవరు గడ్డం గీసుకుంటూ సగంలో ఆగి వింటున్నాడు. నడుమ ఒక స్టూలు మీద మా రచయిత, చేతిలో మా పత్రిక. ఆయన ఎదురుగా చూపు ఆనని ఒక అవ్వ. వాక్యం అయినప్పుడల్లా ఆవిడ "ఊఁ" అనేది. ఊ కొట్టే పని ఆ అంతస్తులో ఆవిడదట. ఆవిడ ఊ కొడితేనే కథ ముందుకు పోతుంది.

నేను మెట్ల దగ్గరే నిలబడ్డాను. ఆయన చదువుతున్నాడు.

"లేఖరి చెట్టు కింద తువ్వాల పరిచిండు."

"ఊఁ."

"తిన్నవా కొడుకా అని అడిగిండు."

నా చేతిలోనూ అదే సంచిక ఉంది. అందులో ఆ చెట్టు లేదు, తువ్వాల లేదు. ఆ భాగాన్ని గురువారం అలవాటుకొద్దీ నేనే కొట్టేశాను. ఆయన కళ్లు మాత్రం అచ్చు మీదే ఉన్నాయి. లైను చివరికి వచ్చినట్టు తల కాస్త పక్కకు తిప్పి, మళ్లీ మొదటికి తెచ్చి, లేనిదాన్ని చదువుతున్నాడు. పదకొండు వారాలుగా ఇంతే అయ్యుంటుంది.

"ఈ లేఖరిగాడు ఎప్పుడు జూసినా ఒక్కడే తింటడేందే!" అన్నది ఒకావిడ చేట చెరుగుతూ.

"రెండు వేళ్లు లేవంటగద. ఎవరిలెక్కనో ఉన్నడు," అన్నాడు టాక్సీ డ్రైవరు, సబ్బు నురగలోంచి నవ్వుతూ. రచయిత తల ఎత్తలేదు. ఒక చిన్నపిల్ల అవ్వ చెంగు లాగి, తర్వాత ఏమైందని మరాఠీలో అడిగింది. "ఏమైతది, ఆ రాజు కొడుకు ఉరుకుతడు, గంతే," అని అవ్వ తెలుగులో చెప్పింది.

అప్పుడు ఆయన తల ఎత్తి నన్ను చూశాడు.

చదవడం ఆపేశాడు.  అవ్వ "ఊఁ" అన్నది. మళ్లీ "ఊఁ" అన్నది. గ్యాలరీలో అందరూ వెనక్కి తిరిగారు. మీరెవరని డ్రైవరు అడిగాడు. పత్రికలో పనిచేస్తానని నోరు జారాను.

"అరె, పేపరాయన! రా రా, కూసో. ఆయన గొంతు వట్టినట్టుంది. ఇయ్యాల నువ్వు సదువు. అచ్చుగొట్టెటోని నోటెంట ఇంటం."

పత్రిక ఆయన చేతిలోంచి నా చేతికి వచ్చింది, స్టూలు నా కిందికి వచ్చింది. ఆయన గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని గచ్చును చూస్తున్నాడు. నేను ఉన్నది ఉన్నట్టు చదివితే ఆ నిమిషంలో లేఖరి లేకుండా పోతాడు. ఇన్నాళ్లూ ఆయన ఏం చేశాడో పాతికమందికీ తెలిసిపోతుంది. ఎక్కడికైనా పోతానన్న మనిషి ఇక సాయంత్రం దాకా కూడా ఆగడు.

డెస్కు మనిషి జ్ఞాపకం వేరు. పోనిచ్చిన వాక్యం మరిచిపోతాం, కొట్టేసిన వాక్యం గుర్తుంటుంది. అచ్చు మీద కళ్లు పెట్టి, నేను చంపినవాణ్ణి మాట మాటా లేపుకుంటూ వచ్చాను. చెట్టు, తువ్వాల, జొన్నరొట్టె, ఉల్లిపాయ. నా యాసకు ఎవరో కిసుక్కుమన్నారు. తిన్నావా అని లేఖరి అడిగాడు. తర్వాతి వాక్యం నాకు తెలుసు. వేళ లేదని రాకుమారుడు గుర్రాన్ని అదిలించాలి. అవ్వకూ తెలుసు. ఆమె "ఊఁ" అప్పటికే నీరసంగా వచ్చింది.

నేను ఆ వాక్యం అనలేకపోయాను.

"రాకుమారుడు గుర్రం దిగాడు," అన్నాను. "తువ్వాల మీద కూర్చున్నాడు. ఇద్దరూ రొట్టె సగం సగం తుంచుకుని తిన్నారు."

చేటల చప్పుడు ఆగింది. "దిగిండా!" అన్నది చేట ఆవిడ. "దిగిండే!" అన్నాడు డ్రైవరు, తనే దింపినట్టు. అవ్వ ఊ కొట్టడం మరిచిపోయి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. గోడ దగ్గర మనిషి ముఖం మోకాళ్ల మధ్య దాచుకున్నాడు.

అందరూ లేచాక ఆయన తన ఖోలీ తలుపు తీసి నన్ను లోపలికి పిలిచాడు. ఒక మనిషికి పెద్ద గది, పదిహేను మందికి చిన్నది. గోడ చుట్టూ వరసగా మేకులు. ఒకప్పుడు పదిహేనుమంది ఉండేవారట, ఒక్కో మేకు ఒక్కో మనిషి చొక్కాది. సమ్మె తర్వాత ఒక్కొక్కరే ఊళ్లకు వెళ్లిపోయారు. ఇప్పుడు చొక్కా ఒకే మేకుకు ఉంది. ఆయన పడక గోడ వారగా ఇంకా పదిహేనో వంతు జాగాలోనే ఉంది.

"కథ చెడగొట్టిండ్రు సార్," అన్నాడు. కోపం లేదు. "లేఖరికి అన్నం వెట్టిండ్రు. ఇగ వాడు రాయి ఎట్లయితడు?"

"కాడు," అన్నాను.

"మరి ఊరు ఎట్ల లేస్తది?"

 అంతలో అవ్వ తలుపు పట్టుకుని నిలబడింది. "బిడ్డా, ఇయ్యాల నా ఇంట్ల తిను. ఇన్నేండ్లు పక్కపొంటి ఉండి ఒక్కనాడు పిలువకపోతి. ఆ పేపరాయన్ని గూడ తోల్కరా."

ఆదివారం. మెస్సు లేదు. పొద్దుటినుంచి నేను టీ మీద ఉన్నాను.

"తినే వచ్చానవ్వా," అన్నాను. మర్యాద అనుకుని మనం చెప్పే అబద్ధాల్లో అన్నిటికంటే పాతది అదే.

బుధవారం ఆయన వచ్చాడు. చివరి భాగం బల్ల మీద పెట్టి, ఎప్పటిలా "మంచిది సార్" అని వెళ్లిపోయాడు. ముగింపు మార్చాడు. అన్నం తిన్న లేఖరికి ఇక రాయి అయ్యే యోగ్యత లేదు. అందుకని వాడు ఊళ్లోకి నడిచి, ఒక్కో రాయి ముందూ ఆగి తిన్నావా అని అడుగుతాడు. కొందరు లేస్తారు. కొందరు లేవరు. లేవనివాళ్ల ముందు రొట్టెముక్క పెట్టి పక్క రాయి దగ్గరికి వెళ్తాడు.

చివర ఇంకో నాలుగు లైన్లున్నాయి. "అప్పుడు చెవి మీద ఎర్ర పెన్సిలు పెట్టుకున్న ఒక బక్క మనిషి కోట గుమ్మం దగ్గరికి వచ్చాడు. లేఖరి అతణ్ణి, తిన్నావా అని అడిగాడు. తినే వచ్చాను అన్నాడతను. అది అబద్ధమని లేఖరికి తెలుసు."

ఆ వారం లేఖరి మీద పెన్సిలు పెట్టలేదు. అతనికోసం ఒక వంటనూనె ప్రకటన తీసేసి జాగా చేశాను. "ఎవరయ్యా ఈ లేఖరి, చివరి వారం ఊడిపడ్డాడు?" అని ఎడిటరుగారు అడిగారు. మొదటినుంచీ ఉన్నాడండీ అన్నాను. చివరి నాలుగు లైన్లు మాత్రం కొట్టేశాను. రచయిత కథలో ఉండొచ్చేమో కానీ సబ్ ఎడిటరు ఉండకూడదు అనుకున్నాను. నిజానికి సిగ్గేసింది.

కాగితం చూసి కంపోజిటర్ తాత అక్షరాలు పేర్చే పుల్ల పక్కన పెట్టాడు. "వాన్ని కోసినప్పుడు గీత సక్కగ వచ్చేది తమ్మీ. నిన్ను కోసుకుంటే వంకర వోయింది."

ఆదివారం మళ్లీ వర్లి వెళ్లాను. ఈసారి గ్యాలరీ దాకా పోలేదు. రెండో అంతస్తు దాటాక మెట్ల మలుపులో నిలబడి విన్నాను. పైనుంచి ఆయన గొంతు, అవ్వ ఊ. లేఖరి ఊళ్లోకి నడిచాడు. కొందరు లేచారు. పైన ఎవరో ముక్కు చీదారు. చివరి లైను, అచ్చులో ఉన్న చివరి లైను, అయిపోయింది. నేను దిగడానికి తిరిగాను.

"అప్పుడు, చెవి మీద ఎర్ర పెన్సిలు వెట్టుకున్న ఒక బక్కోడు వచ్చిండు."

"ఊఁ."

"తిన్నవా అని లేఖరి అడిగిండు. తినే వచ్చిన అన్నడు వాడు. అది అబద్ధమని లేఖరికి ఎరుకే."

ఊ రాలేదు. 

"ఎరుకుండి గూడ ఉత్తగనే పంపిచ్చిండా?" అన్నది అవ్వ.

"పేపర్ల గింతే ఉందవ్వా."

"ఇన్నొద్దులసంది పేపర్ల లేనిదే సదువుతున్నవ్ గద బిడ్డా. ఇంగో ముక్క సదువనీకేమైంది?"

ఆయన పత్రిక మడత విప్పుతున్న చప్పుడు వినిపించింది. నేను మెట్టు మీద కూర్చున్నాను. పైన ఆయన గొంతు సవరించుకున్నాడు.